గ్లామిస్ ఇసుకలో పట్టేసిన ఇంజన్

శాండియాగో నుంచి ఇంటర్‌స్టేట్ 8 మీద తూర్పుకి బయల్దేరితే మొదటి గంటంతా కొండలెక్కడమే. నాలుగు వేల అడుగులు దాటాక రోడ్డు బండరాళ్ళ గుట్టల మధ్య మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంది. చెవులు దిబ్బళ్ళు పడతాయి. దిగీ దిగీ ఎల్ సెంట్రో చేరేసరికి మనం సముద్రమట్టం కంటే కింద ఉంటాం. అక్కణ్ణుంచి బ్రాలీ అనే ఊరి దాకా రెండు పక్కలా పచ్చటి పొలాలే. లెట్యూస్ ఆకుకూర, అల్ఫాల్ఫా గడ్డి. పశువుల దొడ్ల వాసన అద్దాలు మూసినా కార్లోకి వచ్చేస్తుంది. ఎడారిలో ఈ పచ్చదనమంతా కొలరాడో నది చలవ. ఆల్ అమెరికన్ కెనాల్ అనే పెద్ద కాలువ ఇసుక దిబ్బల్ని చీల్చుకుని వచ్చి ఈ లోయకి నీళ్ళిస్తుంది. కాలువ గట్లు, తూములు చూస్తే కృష్ణా డెల్టా నీళ్ళు తాగి పెరిగిన నాలాంటివాడికి కాసేపు ప్రాణం లేచొస్తుంది.

బ్రాలీ దాటి 78వ నంబరు రోడ్డు మీద ఇంకా తూర్పుకి వెళ్తే పొలాలు కత్తితో కోసినట్టు ఆగిపోతాయి. ఎదురుగా ఇసుక. ఇక ఇసుక తప్ప ఇంకేం లేదు.

ఇవే అల్గొడోన్స్ ఇసుక దిబ్బలు. దాదాపు 40 మైళ్ళ పొడవు, 5 మైళ్ళ వెడల్పు. కొన్ని దిబ్బలు 300 అడుగుల ఎత్తు. 1983లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా ‘రిటర్న్ ఆఫ్ ద జెడై’లో ఎడారి సీన్లు తీసింది ఈ దిబ్బల దక్షిణపు కొసలోనే. రోడ్డుకి ఉత్తరం వైపు ఎక్కువ భాగంలో బండ్లకి ప్రవేశం లేదు, అది రక్షిత ప్రాంతం. దక్షిణం వైపు చాలా భాగం బండ్లదే రాజ్యం. అక్టోబర్ నుంచి ఏప్రిల్ సగం దాకా సీజన్. మిగతా నెలల్లో ఆ ఎండకి మనిషి నిలబడలేడు. తూర్పు అంచున రైలు పట్టాలు, వాటి పక్కన ఒక కొట్టు, అంతే. ఆ చోటు పేరు గ్లామిస్. ఊరు అనడానికి నాకు నోరు రాదు. అలాంటి చోటికి థాంక్స్‌గివింగ్ సెలవులకి లక్ష మందికి పైగా వస్తారు. మన కోటప్పకొండ తిరునాళ్ళు ఇసుకలో పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ప్రభల బదులు జెండాలు కట్టిన బండ్లు.

ఆ జెండాలు అలంకారం కాదు. నేల నుంచి 8 అడుగుల ఎత్తున జెండా లేకుండా బండి దిబ్బల్లోకి వెళ్ళకూడదు. దిబ్బకి అవతలి వైపు నుంచి ఎవరొస్తున్నారో కనపడదు కదా, ముందు కనిపించేది జెండానే. దిబ్బ గురించి ఇంకో మాట. గాలి కొట్టే వైపు వాలు మెల్లగా పైకి లేస్తుంది, రెండో వైపు గోడలా పడిపోతుంది. అందుకని పైకంటా వెళ్ళి అదే ఊపులో అవతలికి దూకితే ఏమవుతుందో ఊహించుకోండి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఇవన్నీ మా మేనల్లుడికి ఒక పెద్దమనిషిలా వివరించాను. చెప్పాల్సిన అసలు సంగతి మాత్రం చెప్పలేదు. ఆ కథ చెబుదామనే ఇదంతా.

మావాడు డెన్వర్‌లో ఉద్యోగం చేస్తాడు. మా అక్క ఒక్కగానొక్క కొడుకు. రెండేళ్ళ క్రితం అక్కడే సెకండ్ హ్యాండ్‌లో ఒక యమహా బాన్షీ కొన్నాడు. తెలియనివాళ్ళ కోసం చెప్పాలంటే ఏటీవీ అంటే నాలుగు బెలూన్ టైర్ల మీద మోటార్ సైకిల్. పొలాల్లో మందు కొట్టడానికి, కంచెలు చూసుకోవడానికి వాడే రకం ఒకటుంది. రెండోది స్పోర్ట్ క్వాడ్. దీనికి సామాన్లు పెట్టుకునే చోటు ఉండదు, వెనక ఇంకొకరు కూర్చునే వీలూ ఉండదు. ఇంజను, హ్యాండిలు, ధైర్యం. ఎక్సిలేటర్ తిప్పేది కాదు, కుడి బొటనవేలితో నొక్కే మీట.

బాన్షీ అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్మారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు, సెల్ఫ్ స్టార్ట్ లేదు, కిక్కే. ఈ లెక్క విన్నాక మీలో కొంతమందికి ఏదో గుర్తొచ్చి ఉండాలి. సిలిండర్ బోరు 64 మిల్లీమీటర్లు, స్ట్రోకు 54. సరిగ్గా మన రాజ్‌దూత్ 350 కొలతలే! అది గాలికి చల్లబడేది, ఇది నీళ్ళకి. అంతకుమించి ఒకే వంశం. యమహా ఆర్డీ 350 అనే తాత జపాన్‌లో పుట్టాడు. ఒక మనవడు ఫరీదాబాద్ ఎస్కార్ట్స్ ఫ్యాక్టరీలో రాజ్‌దూత్ పేరుతో 1983లో బయటికొచ్చాడు. ఇంకో మనవడు నాలుగు చక్రాలు కట్టుకుని కాలిఫోర్నియా ఇసుకలో తేలాడు.

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉండేది. లారీలు కాదు, టూ వీలర్లే. రాజ్‌దూత్ 350 వస్తే పండగ. పెట్రోలు తాగుతుందని తిట్టుకుంటూనే దాని చుట్టూ చేరేవాళ్ళు. ఆ తర్వాత ఆర్ఎక్స్ 100 రోజులొచ్చాయి. కాలేజీ కుర్రాళ్ళు బ్లాకు విప్పించి పోర్టింగ్ చేయించుకునేవాళ్ళు. టూ స్ట్రోక్ సిలిండర్ గోడలకి కిటికీల్లాంటి రంధ్రాలుంటాయి, అవే పోర్టులు. పిస్టన్ పైకీ కిందికీ ఆడుతూ ఆ కిటికీలు తెరుస్తుంది, మూస్తుంది. పొగ పోయే కిటికీ కాస్త పైకి అరగదీస్తే అది ముందే తెరుచుకుంటుంది. ఇంజను ఎక్కువ స్పీడులో ఎక్కువ బలం ఇస్తుంది. బదులుగా తక్కువ స్పీడులో బలం పోతుంది. చాలామంది ఆకురాయి పట్టుకుని కంటి కొలతతో గీకేవాళ్ళు. చప్పుడు బ్రహ్మాండంగా వచ్చేది, బండి మాత్రం బెంజి సర్కిల్ దాటేసరికి నీరసపడేది. నాన్న ఆ పని ఒప్పుకునేవాడు కాదు. ఒప్పుకున్న రోజున మాత్రం కాగితం మీద పోర్టు ముద్ర తీసుకుని, డిగ్రీలు లెక్కేసుకుని, రెండు రోజులు తీసుకునేవాడు. గిరాకీ వేరే షెడ్డుకి పోయేది.

ఆ షెడ్డులో పెరిగి, మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఇక్కడికొచ్చి సాఫ్ట్‌వేర్ చేసుకుంటున్నవాణ్ణి నేను. కాబట్టి మావాడు బాన్షీని పికప్ వెనక ఎక్కించుకుని డెన్వర్ నుంచి వస్తుంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. బండికి పాత ఓనరు ముందే చాలా చేయించాడు. ఒరిజినల్ సైలెన్సర్లు తీసి పెద్ద పొట్టలున్న ఎక్స్‌పాన్షన్ చాంబర్లు పెట్టించాడు. గాలి ధారాళంగా లాగే ఫిల్టరు, కొత్త రీడ్ వాల్వులు, కాస్త పోర్టింగ్ కూడా. చాంబరు ఆకారంలో ఒక చమత్కారం ఉంది. పొగతో పాటు బయటికి పోయిన పీడన తరంగం ఆ పొట్ట చివరి సన్నటి భాగానికి తగిలి వెనక్కి వస్తుంది. బయటికి జారిపోబోతున్న తాజా మిశ్రమాన్ని మళ్ళీ సిలిండర్‌లోకి తోస్తుంది. తలుపు దగ్గర నిలబడి పారిపోయే పిల్లల్ని లోపలికి నెట్టే అమ్మమ్మలాగ. ఆ తోపు సరైన క్షణంలో పడే స్పీడుకి బండి చేరగానే దాని స్వభావమే మారిపోతుంది. అప్పటిదాకా మేకపిల్ల, అక్కణ్ణుంచి పోట్లగిత్త.

శుక్రవారం సాయంత్రం ఓల్డ్స్‌మొబైల్ హిల్ దగ్గరికి వెళ్ళాం. గ్లామిస్‌లో అందరూ చేరే పెద్ద దిబ్బ అది. కింద వందల బండ్లు బారులు తీరి ఉంటాయి. ఇద్దరేసి ముగ్గురేసి పైకి పందెం వేసుకుంటారు. వెనక చక్రాలకి ప్యాడిల్ టైర్లు, అంటే గరిటెల్లాంటి రెక్కలున్నవి. అవి ఇసుకని తవ్వి వెనక్కి విసురుతూ బండిని ముందుకి నెడతాయి. రోడ్డు మీద ఏ బండైనా స్పీడందుకున్నాక ఇంజనుకి కాస్త ఊపిరి దొరుకుతుంది. ఇసుకలో పై గేరులో కూడా ఎదురీతే. పైగా ఎత్తు. మీట చివరిదాకా నొక్కి అలాగే పట్టుకోవాలి, వదిలితే అక్కడే ఆగిపోతాం. ఇంజను ఒక క్షణం ఎంత బలం చూపిస్తుందన్నది ఇక్కడ పెద్ద లెక్కలోకి రాదు. ఆ బలాన్ని ఎంతసేపు మోయగలదన్నదే లెక్క.

మావాడు రెండుసార్లు ఎక్కి దిగాడు. మూడోసారి ఇంకా హుషారుగా ఉంది బండి. “మామయ్యా, వేడెక్కాక ఇరగదీస్తోంది!” అని కేకేసి వెళ్ళాడు. ఆ మాటకి నాకు అనుమానం రావాలి. పెట్రోలు చాలక గాలి ఎక్కువైన టూ స్ట్రోక్ పట్టేసే ముందు ఒక నిమిషం మహా చురుగ్గా ఉంటుందని నాన్న నోట ఎన్నిసార్లు విన్నానో. నేను మాత్రం ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాను.

దిబ్బ మూడొంతులు ఎక్కాడు. చప్పుడు ఒక్కసారి సన్నబడి, కీచుమని ఆగిపోయింది. వెనక చక్రాలు రెండూ బిగుసుకుపోయాయి. ఆ క్షణంలో క్లచ్ నొక్కితే చక్రాలు విడిపోతాయి, కానీ అలవాటు లేని చేయి అంత త్వరగా కదలదు. బండి అడ్డం తిరిగింది, ఒక పొర్లు పొర్లింది. వాడు ఒక పక్క, బండి ఒక పక్క. జెండా ఇసుకలో పడుంది. కింది నుంచి రెండు శాండ్ రైళ్ళు, అంటే గొట్టాల ఫ్రేముతో చేసిన బగ్గీలు, అదే దారిలో పైకి వస్తున్నాయి.

నేను పరిగెత్తాను. ఇసుకలో పరుగంటే కలలో పరుగే, కాళ్ళు కదుల్తాయి గానీ మనం కదలం. చేతులూపుతూ అరుస్తున్నాను, నా అరుపు నాకే వినపడలేదు. మొదటి బగ్గీ అతను ఎలా చూశాడో చూశాడు, పక్కకి కోసేశాడు. అతను కోసేసరికి రెండో అతనూ కోశాడు. హెల్మెట్ పెట్టుకున్న తల ఒకటి ఇసుకలోంచి లేచి కూర్చుంది.

ఎడమ మణికట్టు వాచింది. అంతే. ఆ అంతే అనే మాట రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

మా పక్క క్యాంపులో యూమా నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు, డీజిల్ మెకానిక్. ఆయనే తాడు కట్టి మా బండిని లాక్కొచ్చాడు. అడక్కుండానే స్పార్క్ ప్లగ్గులు రెండూ విప్పి టార్చి వేసి చూశాడు. ఎడమది పర్లేదు. కుడిది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, దాని మీద మిలమిల మెరిసే చిన్న చిన్న చుక్కలు. పిస్టన్ అల్యూమినియం అది, కరిగి అతుక్కుంది. ఆయన ఒకే ప్రశ్న వేశాడు, ఈ బండి ఎక్కడ తిరిగేదని. డెన్వర్ అన్నాం. తల పంకించి తన కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

డెన్వర్ సముద్రమట్టానికి ఒక మైలు ఎత్తు, 5,280 అడుగులు. గ్లామిస్ ఎత్తు మూడు వందల చిల్లర. పైకి వెళ్ళే కొద్దీ ప్రతి వెయ్యి అడుగులకీ గాలి సుమారు 3 శాతం పలచబడుతుంది. ఆ పలచటి గాలికి తగ్గట్టు పెట్రోలు కూడా తగ్గించి, కార్బరేటర్‌లో చిన్న జెట్లు వేసుకున్నాడు పాత ఓనరు. అక్కడికి అది సరైన పనే. ఆ బండిని మేం కిందికి దింపి, చిక్కటి గాలిలో, అవే జెట్లతో, ప్యాడిల్ టైర్లతో దిబ్బ ఎక్కించాం. గాలి పెరిగింది, పెట్రోలు పెరగలేదు. మంట వేడి పెరిగింది. టూ స్ట్రోక్‌లో ఇంకో చిక్కుంది, ఆయిలు కూడా పెట్రోలుతోనే కలిసి వస్తుంది. పెట్రోలు తగ్గితే తడీ తగ్గినట్టే. పిస్టన్ ఉబ్బి గోడకి అతుక్కుపోయింది. కార్బరేటర్ మూత విప్పి జెట్ మీద నంబరు చూడ్డానికి పది నిమిషాలు పట్టేది. ఆటోనగర్ షెడ్డులో పుట్టినవాణ్ణి, ఆ పది నిమిషాలు నేను పెట్టలేదు.

ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది. “ఏరా తమ్ముడూ, వాడు సరిగ్గా తింటున్నాడా?” అంది. ఎదురుగా మావాడు మణికట్టుకి ఐసు సంచీ కట్టుకుని కూర్చున్నాడు. “ఆఁ, బానే తింటున్నాడక్కా” అన్నాను. తిండి వరకూ అది అబద్ధం కాదు.

బండిని మా గరాజులో పెట్టి వాడు డెన్వర్ వెళ్ళిపోయాడు. డిసెంబర్ అంతా శనాదివారాలు నాకు అదే పని. బ్లాకు ఎత్తి చూస్తే కుడి పిస్టన్ పొగ పోయే వైపు నిలువుగా గీసుకుపోయి ఉంది. పెట్రోలు చాలక పట్టేస్తే గీతలు సాధారణంగా ఆ వైపు పడతాయి. చల్లటి ఇంజనుని వేడెక్కనివ్వకుండా చితక్కొడితే వేరేలా పడతాయి, చుట్టూ నాలుగు చోట్ల. పిస్టన్ ముందు ఉబ్బుతుంది, నీళ్ళ మధ్య ఉన్న సిలిండరు ఇంకా చల్లగా బిగుసుకునే ఉంటుంది. పిస్టన్ చూసి చావు ఎలా వచ్చిందో చెప్పొచ్చన్నమాట.

మరి జెట్లు రెండు పక్కలా చిన్నవే కదా, కుడిదే ఎందుకు పోయింది? అది తేలడానికి లీకు పరీక్ష చేశాను. గాలి వచ్చే దారీ పొగ పోయే దారీ రెండూ మూసేసి, లోపలికి 6 పీఎస్ఐ గాలి కొట్టి, ఆరు నిమిషాలు ముల్లు పడిపోకుండా నిలబడుతుందా అని చూడటం. నిలబడలేదు. సబ్బు నీళ్ళు రాసుకుంటూ వెళ్తే, సైకిల్ ట్యూబుని నీళ్ళ బేసిన్లో ముంచినట్టు, కుడి కార్బరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే రబ్బరు బూటు అడుగున బుడగలు. వెంట్రుక మందం చీలిక. కార్బరేటర్‌కి తెలియకుండా దొంగగాలి లాగుతోంది. కొత్త బూటు ఖరీదు మేం ఆ రోజు పోయించిన పెట్రోలు కంటే తక్కువ.

ఇక్కడ మావాడికీ నాకూ పడింది. వాడి వాదన, ఎలాగూ విప్పాం కాబట్టి 4 మిల్లీమీటర్లు ఎక్కువ స్ట్రోకున్న క్రాంకు వేద్దామని. 54 కాస్తా 58 అవుతుంది, ఇంజను 347 నుంచి 373 సీసీ అవుతుంది. దాంతో పాటు పెద్ద కార్బరేటర్లు, కంప్రెషన్ పెంచే హెడ్డు, రేసు పెట్రోలు. తప్పు వాదనేం కాదు. గ్లామిస్‌లో అలాంటివి చాలా తిరుగుతుంటాయి, బాగా కట్టినవాడివి ఏళ్ళ తరబడి తిరుగుతాయి. కానీ పట్టేసిన ఇంజనుకి కారణాలు తెలుసుకుని, ఆ కారణాలు పోయాయని రుజువు చేసుకోకముందే ఇంకా బలం ఎక్కించడం నాకు నచ్చలేదు. “మామయ్యా, నువ్వు తాతయ్యలా మాట్లాడుతున్నావ్” అన్నాడు. అది తిట్టో పొగడ్తో తెలియక ఫోన్ పెట్టేశాను. వారం మాటల్లేవు.

తర్వాత వాడే దిగొచ్చాడు. క్రాంకు మార్చలేదు. బోరు పావు మిల్లీమీటరు పెంచి 64.25 పిస్టన్లు వేయించాం. లేత్ షాపులో పని అయిపోయాక కూడా పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు నేను మళ్ళీ కొలిచాను, తిట్టుకుంటే తిట్టుకున్నారని. క్రాంకు రెండు చివరలా ఆయిల్ సీళ్ళు కొత్తవి. హెడ్డులో మంట గది కాస్త పెద్దదిగా ఉండే డోములు వేసి కంప్రెషన్ తగ్గించాను. అప్పుడే కాలిఫోర్నియా బంకులో దొరికే 91 ఆక్టేన్ ప్రీమియంతో నిశ్చింతగా నడుస్తుంది. కంప్రెషన్‌కి సరిపోని పెట్రోలు పోస్తే మిశ్రమం తనంతట తాను పేలుతుంది. బాణలిలో బఠాణీలు వేయించిన చప్పుడొస్తుంది, ఒక్కోసారి ఇసుక గోలలో అది కూడా వినపడదు. దానివల్ల కొంత బలం పోయింది, ఒప్పుకుంటాను. క్లచ్‌కి గట్టి స్ప్రింగులు వేశాం, ఎందుకంటే ఇంజను ఇచ్చే బలాన్ని ఇసుకలో క్లచ్ ప్లేట్లు జార్చేస్తే అంతా వృథా. కార్బరేటర్‌లో 260 నంబరు మెయిన్ జెట్లు తీసి 300వి పెట్టాం.

ఆయిలు గురించి ఒక తమాషా. 32కి 1 పాళ్ళలో, అంటే గాలన్ పెట్రోలుకి 4 ఔన్సులు కలుపుతాం. భద్రత కోసం ఇంకాస్త ఎక్కువ పోద్దామన్నాడు మావాడు. ఆయిలు పెరిగితే అదే జెట్లోంచి పోయే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది. మిశ్రమంలో గాలి పాలు పెరుగుతుంది. ఆయిల్ ఎక్కువ పోస్తే ఇంకా వేడెక్కే అవకాశం ఉందంటే వాడు నమ్మలేదు, కాగితం మీద లెక్కేసి చూపించాల్సొచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నది మాత్రం గాలి ఫిల్టరు. గ్లామిస్ ఇసుక గోధుమరవ్వ కంటే సన్నం, గాలిలో దుమ్ము ఇంకా సన్నం. స్పాంజి ఫిల్టరుని జిగురు నూనెలో పిసికి, అంచుకి గ్రీజు రాసి, పైన ఇంకో గుడ్డ తొడుగు వేశాం. ఫిల్టరు వెనక వైపు గొట్టంలో తెల్లటి బట్టతో తుడిస్తే మరక రాకూడదు, వచ్చిందంటే ఇసుక లోపలికి పోతోందన్నమాట. యూమా పెద్దాయన బండి హోండా 450, ఫోర్ స్ట్రోక్. మనదానికంటే పద్ధతైన బండి అనుకుంటాం గానీ, దుమ్ము దగ్గర దానికీ మొహమాటం లేదు. వాల్వులు అరిగి సందు తగ్గిపోతుంది, వేడి మీద స్టార్ట్ అవదు. అలా పట్టించుకోకుండా తిప్పితే వాల్వు విరిగి పిస్టన్ మీద పడుతుంది. టూ స్ట్రోక్ పాడైతే పిస్టన్లతో పోతుంది, అది పాడైతే పర్సు ఖాళీ. అందుకే ఆయన బండికి గంటల మీటరు బిగించుకున్నాడు. ఇక్కడ ఇంజను వయసు మైళ్ళలో లెక్కెయ్యరు, గంటల్లో. ఇన్ని గంటలకి ఆయిలు, ఇన్ని గంటలకి వాల్వు సందు, ఇన్ని గంటలకి పిస్టన్ అని ఒక నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకున్నాడు. నాకు ఆ నోటుబుక్కు చూస్తే బండి కన్నా ముచ్చటేసింది.

ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవులకి మళ్ళీ వెళ్ళాం. రాత్రి గాలి వీచి దిబ్బలన్నీ కొత్తగా దువ్వినట్టున్నాయి. చలి బాగానే ఉంది. మావాడు కిక్ కొట్టాడు, నాలుగోదానికి అందుకుంది. నీలం పొగ, ఆ వాసన. వాసనకి మాత్రం నేను ఆటోనగర్ వెళ్ళిపోయాను.

నాన్న రాజ్‌దూత్ స్టార్ట్ చేశాక సిలిండరు మీద అరచెయ్యి పెట్టి నిలబడేవాడు. గిరాకీ ఎంత తొందరపడినా సరే, చెయ్యి ఇక ఉంచలేకపోయేదాకా బండి ఇచ్చేవాడు కాదు. ఈ బండికి అక్కడ చెయ్యి పెడితే లాభం లేదు, చుట్టూ నీళ్ళున్నాయి. మావాడు నేను చెప్పకుండానే గ్లవ్ తీసి రేడియేటర్ మీద చెయ్యి పెట్టాడు. పక్క క్యాంపు కుర్రాళ్ళు రయ్యిమని వెళ్ళిపోతున్నారు. వీడు అలాగే నిలబడ్డాడు, రేడియేటర్ గోరువెచ్చబడేదాకా. నేను అటు తిరిగి టీ కాచుకుంటున్నట్టు నటించాను.

మొదటి రోజు పెద్ద దిబ్బ జోలికి పోలేదు. సగం మీటతో తిప్పడం, చల్లారనివ్వడం, మళ్ళీ తిప్పడం. రెండో రోజు మధ్యాహ్నం చిన్న దిబ్బ మీదికి మీట పూర్తిగా నొక్కి, అదే నొక్కుడులో క్లచ్ పట్టి ఇంజను ఆపేసి, అక్కడికక్కడే ప్లగ్గులు విప్పాం. మెల్లగా ఆగితే ప్లగ్గు రంగు మారి అబద్ధం చెబుతుంది. రెండూ ఒకే రంగు. కుడిదీ ఎడమదీ. అల్లం టీ రంగు. మావాడు రెండు ప్లగ్గుల్నీ అరచేతిలో పెట్టుకుని ఎండలో తిప్పి తిప్పి చూశాడు.

సాయంత్రం ఓల్డ్స్‌మొబైల్ హిల్. వాడు వరసలో నిలబడ్డప్పుడు నా కడుపులో ఏదో తిప్పింది, ఈసారి ఫోన్ బయటికి తియ్యలేదు. ఎడమ చేతి రెండు వేళ్ళు క్లచ్ మీదే ఉన్నాయా లేదా అన్నది ఒక్కటే చూస్తున్నాను. ఉన్నాయి. వెళ్ళాడు. పైకంటా వెళ్ళి, అంచు దగ్గర ఆగి, పక్కకి తిరిగి, దిగొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ఎన్నిసార్లంటే ఆరోదాని తర్వాత లెక్క మానేశాను. పక్కనే ఒక స్ట్రోకర్ బాన్షీ వచ్చి ఆగి, పోటీకి రమ్మన్నట్టు రేజ్ చేసింది. మావాడు వెళ్ళాడు కూడా. నాలుగు బండ్ల తేడాతో ఓడిపోయాడు. కిందికొచ్చి హెల్మెట్ తీసి, “చూశావా మామయ్యా, 4 మిల్లీమీటర్లు” అన్నాడు.

“చూశాన్లే” అన్నాను.

తిరుగు ప్రయాణంలో బ్రాలీలో బురీటోలు తినడానికి ఆగాం. పికప్ వెనక బాన్షీ ఇసుక రాల్చుకుంటూ కూర్చుంది. అక్క ఫోన్. ఈసారి వీడియో కాల్, తప్పించుకోలేం. మావాడు ఫోన్ తీసుకుని బండి వైపు తిప్పాడు.

“అదేంట్రా, ట్రాక్టరా?” అంది అక్క.

“తాతయ్య రాజ్‌దూత్ అమ్మా. చక్రాలు ఎక్కువున్నాయంతే” అన్నాడు వాడు. ఆ తర్వాత నా వంక ఒకసారి చూసి, “నవంబర్లో దీని మీంచి పడ్డాను. నీకు చెప్పలేదు” అన్నాడు.

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత అక్క గొంతు వచ్చింది, “ఫోను మామయ్యకియ్యి.”